ఈఈజీ నార్మల్‌గా వచ్చింది, ఫిట్స్ మందు ఆపవచ్చా?

రాయగడ మాస్టారు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. మా అక్క కొడుకు 17 ఏళ్ల వాడు, ప్లస్ టూ చదువుతున్నాడు. మొన్నటి చలికాలంలో పార్వతీపురంలో బంధువుల పెళ్లికి వెళ్లి రాత్రంతా మేలుకొని, తెల్లవారి ఇంటికి చేరిన కాసేపటికే స్పృహ తప్పి పడిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నాలుక కరుచుకున్నాడు, బట్టలు తడిశాయి. తెలివి వచ్చిన తరువాత కూడా చాలాసేపటి వరకు మనుషులను సరిగా పోల్చుకోలేకపోయాడు. ఇక్కడి వైద్యులు సోడియం వాల్‌ప్రొయేట్ మాత్రలు మొదలుపెట్టి, తలకు సీటీ స్కాన్ తీయించారు. అందులో ఏమీ లేదు. కొన్ని వారాల తరువాత ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలను గీసి చూపే పరీక్ష కూడా తీయించాము. మెలకువలో తీసిన రికార్డు నార్మల్‌గా ఉందనీ, మూర్ఛకు సంబంధించిన తరంగాలేవీ కనబడలేదనీ రిపోర్టులో రాశారు.

అప్పటి నుంచి ఇంట్లో వాదన తెగడం లేదు. మెదడు పరీక్షలో ఏ దోషమూ లేదని కాగితం మీద రాసి ఇచ్చాక ఎదిగే కుర్రవాడికి పూటపూటా మాత్ర మింగించడం ఎందుకని బావగారి వైపు పెద్దలు అంటున్నారు. మరొక వైద్యుడిని కలిస్తే, మందు ఆపవద్దని చెప్పి, రాత్రి నిద్ర లేకుండా ఉంచి మళ్లీ ఈఈజీ తీయించమన్నారు. నార్మల్ అని వచ్చిన పరీక్షనే మళ్లీ చేయించడం దేనికని మా అక్కకు సందేహం. తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జయపురం వైద్యుడు:

మాస్టారూ, రోగిని చూడకుండా ఫలానా మందు వాడండి, ఫలానాది మానండి అని నేను చెప్పకూడదు, చెప్పను. అయితే ఈఈజీ ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో చెప్పడానికి అభ్యంతరం లేదు, ఎందుకంటే మీ ఇంట్లో జరుగుతున్న వాదన అంతా దాని మీదే నడుస్తోంది.

మూర్ఛ వ్యాధి ఉందా లేదా అని తేల్చేది ప్రధానంగా ఆ ఘటన వివరమే. పడిపోయే ముందు ఏమైంది, చూపు ఎటు తిరిగింది, ఎంతసేపు కొట్టుకున్నాడు, తెలివి ఎప్పటికి వచ్చింది అనే సంగతులు కళ్లారా చూసినవారి నోట వినడమే సగం రోగనిర్ణయం. ఈఈజీ ఆ నిర్ణయానికి బలం చేకూర్చే సాక్ష్యం. మూర్ఛ ఏ రకానికి చెందినది, ఏ మందు సరిపడుతుంది, తిరిగి వచ్చే అవకాశం ఎంత అనే విషయాల్లో అది ఎంతో సాయపడుతుంది. అంతే తప్ప, ఘటన వివరం ఒక మాట చెబుతుంటే ఈఈజీ ఒక్కటే దాన్ని కొట్టివేయలేదు.

కారణం పరీక్ష తీరులోనే ఉంది. మామూలు ఈఈజీలో 20 నుంచి 30 నిమిషాల రికార్డు తీస్తారు. మూర్ఛ ఉన్నవారి మెదడులో ఆ అసాధారణ తరంగాలు, అంటే స్పైకులు, రోజంతా ఒకే తీరుగా రావు. కొందరిలో గంటల తరబడి ఒక్కటీ రాకపోవచ్చు, నిద్ర పట్టగానే గుంపులుగా రావచ్చు. పైగా మెదడు పైపొరలో కనీసం 6 నుంచి 10 చదరపు సెంటీమీటర్ల మేర కణాలు ఒకేసారి స్పందిస్తేనే ఆ తరంగం పుర్రెనూ చర్మాన్నీ దాటి తల మీద అంటించిన ఎలక్ట్రోడుకు, అంటే తరంగాలను అందుకునే చిన్న లోహపు బిళ్లకు, అందుతుంది. కణతల దగ్గరి టెంపొరల్ భాగపు లోపలి వైపు, కళ్ల పైనున్న ఫ్రంటల్ భాగపు అడుగు వైపు పుట్టే స్పైకులు చాలాసార్లు పైకి తెలియనే తెలియవు. అందుకే నిజంగా మూర్ఛ వ్యాధి ఉన్నవారిలోనూ మొదటి ఈఈజీలో సుమారు సగం మందికే ఏదైనా దొరుకుతుంది. నిద్రతో కలిపి మళ్లీ మళ్లీ తీస్తే ఆ సంఖ్య 80 శాతం దాటుతుంది. ఎన్నిసార్లు తీసినా ఏమీ దొరకనివారూ కొందరు మిగులుతారు. ఫిట్స్ వచ్చిన 24 గంటలలోపు తీస్తే దొరికే అవకాశం పెరుగుతుందని తెలిసినా, మన కొండ జిల్లాల్లో అది ఎంతమందికి వీలవుతుందో మీకు తెలియనిది కాదు.

మీవాడి విషయంలో ఇంకొకటి కూడా ఉంది. రికార్డు తీసేనాటికి అతడు వాల్‌ప్రొయేట్ వాడుతున్నాడు. మెదడు రెండు వైపులా ఒకేసారి పుట్టే స్పైకులను ఆ మందు బాగా అణచివేస్తుంది. కాబట్టి ఆ నార్మల్ రిపోర్టు మందు పనిచేస్తోందనడానికి గుర్తు కావచ్చు. దాన్ని చూసి మందే మానడం నాకు ఏ విధంగానూ సబబుగా తోచడం లేదు. ఒక్కసారిగా మానితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి తెచ్చుకునే ప్రమాదం కూడా ఉంది.

ఒక ప్రశ్న అడుగుతాను, ఇంట్లో కనుక్కొని చెప్పండి. పడిపోవడానికి ముందు నెలల్లో గానీ ఏడాదిలో గానీ, పొద్దున నిద్ర లేచిన కాసేపట్లో అతడి చేతులు ఉన్నట్టుండి అదిరిపడేవా? తెలివి పోకుండానే చేతిలో వస్తువు జారిపోవడం, విసిరినట్టు ఎగిరిపడటం జరిగేదా?

పర్లాకిమిడి టెక్నీషియన్:

నేను పుట్టింది పర్లాకిమిడిలో. విశాఖపట్నంలో ఈఈజీ టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. రెండోసారి పరీక్ష ఎందుకో డాక్టరు గారు చెప్పారు కనుక, అది ఎలా జరుగుతుందో నేను చెబుతాను. మా ప్రాంతం నుంచి వచ్చేవారిలో చాలామంది ఈ పరీక్షలో తలకు కరెంటు పెడతారని భయపడుతుంటారు. ఈ యంత్రం తలలోకి దేన్నీ పంపదు. మెదడులో సహజంగా పుట్టే విద్యుత్తునే అందుకొని, పెద్దది చేసి గీస్తుంది. ఆ విద్యుత్తు ఎంత స్వల్పమంటే, దాన్ని వోల్టులో పది లక్షల వంతైన మైక్రోవోల్టులలో కొలుస్తాము. చర్మం మీద సాధారణంగా 10 నుంచి 100 మైక్రోవోల్టుల వరకు అందుతుంది. జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మొదటిసారిగా మనిషి తల నుంచి దీన్ని రికార్డు చేసి, 1929లో ప్రచురించారు. కళ్లు మూసుకొని మెలకువగా ఉన్నవారి తల వెనుక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు వచ్చే ఆల్ఫా తరంగాలను గుర్తించింది ఆయనే. నేటికీ ఏ రికార్డు చదవాలన్నా ముందు చూసేది వాటినే.

ముక్కు మొదలు దగ్గర నుంచి తల వెనుక ఎముక బొడిపె వరకు టేపుతో కొలిచి, ఆ దూరంలో 10 శాతం, 20 శాతం లెక్కన గుర్తులు పెట్టుకొని, చెవులతో కలిపి 21 ఎలక్ట్రోడ్లను పేస్టుతో అంటిస్తాము. తలకు నూనె ఉంటే అవి సరిగా అంటుకోవు, తరంగాలు పాడవుతాయి. అందుకే ముందు రోజు కుంకుడుకాయలతో గానీ షాంపూతో గానీ తలంటుకొని, ఆ తరువాత కొబ్బరి నూనె చుక్క కూడా పెట్టకుండా రావాలి. ఖాళీ కడుపుతో రావద్దు. ఆకలి వల్ల రక్తంలో చక్కెర తగ్గితే తరంగాలు మందగించి రికార్డు తప్పుదారి పట్టిస్తుంది. వైద్యులు ప్రత్యేకంగా చెబితే తప్ప మాత్రలు మానవద్దు.

నిద్ర లేకుండా తీసే పరీక్షకు, పెద్ద పిల్లలనూ పెద్దవారినీ ముందు రాత్రి నాలుగు గంటలకు మించి పడుకోవద్దంటాము. టీ, కాఫీ తాగకూడదు. ఇక్కడొక చిక్కు ఉంది. రాయగడ నుంచి రైల్లో వచ్చేవారు రాత్రంతా కష్టపడి మేలుకొని, రైలెక్కి కూర్చోగానే విజయనగరం దాటేవరకు హాయిగా నిద్రపోతారు. మా గదిలో పడుకోబెట్టినప్పుడు మాత్రం కన్ను మూతపడదు. నిద్ర తగ్గించడం వల్ల దారిలోనే ఫిట్స్ వచ్చే అవకాశం కూడా ఉంది కనుక పక్కన తోడు తప్పనిసరి, బండి నడపడం అసలే పనికిరాదు. వీలైతే ముందు రోజే విశాఖ చేరి, బంధువుల ఇంట్లో మేలుకొని, పొద్దున నేరుగా పరీక్షకు రావడం మేలు.

రికార్డు నడుస్తుండగా మూడు నిమిషాల పాటు గట్టిగా, లోతుగా ఊపిరి పీల్చి వదలమంటాము. ఆ తరువాత కళ్ల ముందు లైటును వేర్వేరు వేగాలతో మిణుకుమనిపిస్తాము. ఈ రెండూ కొందరిలో దాగి ఉన్న తరంగాలను బయటికి తెస్తాయి. అయితే ఇంటి వైపు ఎవరికైనా సికిల్ సెల్ జబ్బు, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు, ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. ఊపిరి అలా వేగంగా తీయిస్తే మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి, సికిల్ సెల్ ఉన్నవారికి అది ప్రమాదకరం. కోరాపుట్, రాయగడ ప్రాంతాల్లో ఆ జబ్బు తక్కువేమీ కాదు. ఇటీవల పక్షవాతం వచ్చినవారికీ, తీవ్రమైన గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికీ కూడా ఈ ఊపిరి పరీక్ష చేయము.

రాయగడ మాస్టారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారూ, మీరు అడిగిన ప్రశ్న మా అక్కకు చదివి వినిపిస్తే ఆమె కాసేపు మాట్లాడలేదు. దాదాపు ఏడాదిగా పొద్దున పళ్లు తోముకునేటప్పుడు బ్రష్షు చేతిలోంచి ఎగిరిపడేదట. రెండుసార్లు టీ గ్లాసు జారవిడిచినందుకు ఒళ్లు దగ్గర పెట్టుకోమని మందలించారట. పరీక్షలకు రాత్రుళ్లు చదివిన మరునాడు అది ఎక్కువగా ఉండేదని వాడే చెబుతున్నాడు. మాత్రలు మొదలుపెట్టిన తరువాత బాగా తగ్గిందట. ఇది ఏ వైద్యుడికీ మేము చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

జయపురం వైద్యుడు:

మీరు చెప్పిన ఈ నాలుగు వాక్యాలు ఆ ఈఈజీ రిపోర్టు కంటే విలువైనవి. యౌవనంలో అడుగుపెట్టే వయసులో మొదలవడం, పొద్దున లేచాక తెలివి ఉండగానే చేతులు అదిరిపడటం, నిద్ర తగ్గితే అవి పెరగడం, రాత్రంతా మేలుకొన్న మరునాటి ఉదయం పెద్ద ఫిట్ రావడం చూస్తే, జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అనే రకం కావచ్చునని ఏ నరాల వైద్యుడైనా అనుమానిస్తాడు. నిర్ధారించవలసింది మాత్రం స్వయంగా చూసే వైద్యుడే.

రెండో ఈఈజీ ఎందుకన్న మీ అక్కగారి సందేహానికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఈ రకంలో మెదడు రెండు వైపులా ఒకేసారి, సెకనుకు 4 నుంచి 6 వరకు, అనేక స్పైకులు కలిసిన తరంగాలు వస్తాయి. నిద్ర లేకుండా ఉంచి తీసిన రికార్డులో, ముఖ్యంగా నిద్ర నుంచి లేచిన మొదటి నిమిషాల్లో, అవి కనబడే అవకాశం ఎక్కువ. కొందరిలో మిణుకు లైటుకు కూడా బయటపడతాయి. కాబట్టి టెక్నీషియన్ గారు నిద్రపుచ్చి లేపిన తరువాత కూడా కొంతసేపు రికార్డు కొనసాగించడం ముఖ్యం. అవి కనబడితే మూర్ఛ రకం రూఢి అవుతుంది.

రకం తెలియడం పుస్తక జ్ఞానం కోసం కాదు. మెదడులో ఒక చోట పుట్టే మూర్ఛకు చక్కగా పనిచేసే కార్బమజెపైన్, ఫెనిటాయిన్ వంటి మందులు ఈ రకంలో ఆ అదుర్లను పెంచగలవు. ఊళ్లో ఎవరికో పనిచేసిందని ఆ మాత్ర తెచ్చి మింగించేవారిని ఈ ప్రాంతంలో నేను తరచూ చూస్తుంటాను. వాల్‌ప్రొయేట్ ఈ రకానికి బాగా పనిచేసే మందే. అబ్బాయి కనుక ఇక్కడ ఆ చిక్కు లేదు గానీ, ఆడపిల్లలకైతే గర్భంలోని బిడ్డకు హాని చేస్తుందన్న కారణంగా దాన్ని వీలైనంత వరకు తప్పించి వేరే మందు చూస్తారు. ఇక ఈ రకంలో మందుతో ఫిట్స్ బాగా అదుపులో ఉంటాయి, మందు మానితే చాలామందిలో తిరిగి వస్తాయి. పెద్దవారికి చెప్పవలసిన మాట ఇదే.

సీటీలో ఏమీ లేదన్నారు. అదుర్ల సంగతి ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఎంఆర్‌ఐ అవసరమో కాదో చూసిన వైద్యుడు నిర్ణయిస్తాడు. కానీ ఇది చదివే ఇతరులు ఒకటి గమనించాలి. ఫిట్ ఒక చేతిలోనో ముఖంలో ఒక వైపో మొదలైతే కథ వేరు. బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో తిత్తులు ఏర్పడే జబ్బు మన దేశంలో ఫిట్స్‌కు ముఖ్య కారణాల్లో ఒకటి. అలాంటప్పుడు ఈఈజీ పూర్తిగా నార్మల్‌గా ఉండవచ్చు, తిత్తిని చూపించేది స్కానే. మెదడు ఆకారాన్ని స్కాన్ చూపిస్తుంది, పనితీరును ఈఈజీ చూపిస్తుంది. ఒకటి చేయించాము కదా అని రెండోది మానుకోవడం కుదరదు.

గుణుపురం అమ్మ:

అయ్యా, మాది దీనికి తలకిందులు. మా పాపకు మూడేళ్లు. జ్వరంలో ఒకసారి ఫిట్స్ వచ్చి రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోయింది. తరువాత ఒక చోట ఈఈజీ తీసి, అందులో తేడా ఉందని, మూడేళ్ల పాటు మందు వాడాలని చెప్పారు. అప్పటి నుంచి పాపకు మళ్లీ ఏమీ రాలేదు. రిపోర్టులో తేడా ఉన్నప్పుడు మందు వాడక తప్పదా?

జయపురం వైద్యుడు:

అమ్మా, రిపోర్టు చూడకుండా మీ పాప గురించి తీర్పు చెప్పలేను, ఇప్పుడు వాడుతున్న మందును మీ అంతట మీరు ఆపవద్దు. పిల్లల వైద్యుడి దగ్గర రెండో అభిప్రాయం తీసుకోవడం మాత్రం న్యాయమే. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు బిడ్డకు జ్వరంతో పాటు ఒళ్లంతా కొట్టుకుంటూ ఫిట్ వచ్చి, 15 నిమిషాల లోపు ఆగిపోయి, ఆ 24 గంటల్లో మళ్లీ రాకుండా, బిడ్డ త్వరగా మామూలు మనిషైతే దాన్ని సాధారణ జ్వరపు ఫిట్ అంటారు. దానికి ఈఈజీ అవసరం లేదన్నది పిల్లల వైద్యులు సాధారణంగా పాటించే నియమం. ఆ పరీక్షలో తేడా కనబడినా, ముందుముందు మూర్ఛ వ్యాధి వస్తుందో రాదో అది నమ్మకంగా చెప్పలేదు. ఏ ఫిట్సూ ఎరుగని ఆరోగ్యవంతులైన పిల్లల్లోనే వందకు ఇద్దరి నుంచి నలుగురి వరకు స్పైకులు కనబడతాయి. ఇవి కాక, నిద్రమత్తులో వచ్చే కొన్ని నిరపాయమైన, మొనదేలిన తరంగాలను స్పైకులని పొరబడి రాసే రిపోర్టులూ ఉంటాయి. వైద్యం చేయవలసింది బిడ్డకు, కాగితానికి కాదు.

మన వైపు జ్వరంలో ఫిట్స్ వచ్చిన బిడ్డను తీసుకువెళ్లినప్పుడు మొదట పట్టుబట్టి చేయించవలసింది మలేరియా రక్తపరీక్ష. మెదడుకు పాకిన ఫాల్సిపారమ్ మలేరియా గంటల్లో ప్రాణం తీయగలదు. మెడ బిగుసుకున్నా, బిడ్డ మత్తుగా ఉన్నా మెదడు పొరల వాపు ఉందేమో చూడాలి. ఆ సమయంలో ఈఈజీ కోసం ఊరూరా తిరగడం విలువైన కాలాన్ని పోగొట్టుకోవడమే.

ఇలా అన్నానని ఈఈజీని చిన్నచూపు చూస్తున్నానని అనుకోవద్దు. అది లేకుండా అడుగు వేయలేని సందర్భాలు కొన్ని ఉన్నాయి. బడిలో పిల్లవాడు కొన్ని క్షణాలు చూపు నిలిపి ఉలకక పలకక ఉండిపోతుంటే, గట్టిగా ఊపిరి తీయించగానే సెకనుకు 3 చొప్పున స్పైక్ తరంగాలు వచ్చి గుట్టు విప్పుతాయి. పరధ్యానమని కొట్టించుకుంటున్న పిల్లలు ఆ ఒక్క పరీక్షతో బయటపడతారు. ఏడాది లోపు పసిబిడ్డ ముందుకు వంగి వంగి దడుచుకున్నట్టు అదురుతుంటే, ఈఈజీలోని అస్తవ్యస్తమైన తరంగాలు చూసి వెంటనే వైద్యం మొదలుపెట్టాలి, ఆలస్యమైతే బిడ్డ ఎదుగుదల దెబ్బతింటుంది. తట్టు సోకిన ఏళ్ల తరువాత చదువు మందగించి, ఒళ్లు అదరడం మొదలయ్యే ఒక దారుణమైన మెదడు జబ్బులో కొన్ని సెకన్లకొకసారి గడియారం కొట్టినట్టు పెద్ద తరంగాలు వస్తాయి. ఐసీయూలో కదలిక లేకుండా పడి ఉన్న రోగికి లోపల ఫిట్స్ ఆగకుండా సాగుతున్నాయో లేదో తెలుసుకునే మార్గం ఈఈజీ తప్ప మరొకటి లేదు.

అదే సమయంలో మామూలు తలనొప్పికీ, చదువు రాకపోవడానికీ, కోపానికీ ఈఈజీ తీయించడం డబ్బు దండగ. నిలబడి నిలబడి కళ్లు బైర్లు కమ్మి పడిపోయేవారికి ముందు కావలసింది ఈసీజీ, అంటే గుండె పరీక్ష.

బరంపురం పెద్దాయన:

మా ఇంట్లోనూ ఈ వ్యవహారం నడిచింది కనుక ఒక్క మాట. బరంపురంలో గానీ కటకంలో గానీ వైద్యులు ఒడియాలో అడుగుతారు. ఫిట్ చూసినది ఇంట్లో తెలుగు తప్ప రాని అమ్మమ్మ అవుతుంది. ఆసుపత్రికి వెళ్లేది ఏమీ చూడని బావమరిది అవుతాడు. చూసినవారినే వెంట తీసుకువెళ్లండి, భాష వచ్చినవారు పక్కన ఉండి చెబుతారు. మళ్లీ వస్తే ఒకరు రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి చూసుకుంటుండగా మరొకరు ఫోనులో వీడియో తీయాలి.

పర్లాకిమిడి టెక్నీషియన్:

ఆ వీడియో మాకూ ఎంతో ఉపయోగం. కొందరిలో ఫిట్స్ లాగే కనబడినా మనసులోని ఒత్తిడి వల్ల వచ్చేవి ఉంటాయి. వాటిని తేల్చడానికి రోగిని మంచం మీద ఉంచి, కెమెరాతో పాటు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి వీడియో ఈఈజీ తీస్తారు. ఫిట్ వచ్చే సమయంలోనే తరంగాలు ఎలా ఉన్నాయో చూస్తే అనుమానం తీరుతుంది. మాస్టారు గారి మేనల్లుడికి ప్రస్తుతానికి అంత అవసరం రాకపోవచ్చు. పాత రిపోర్టు కాగితంతో పాటు, తీసిన చోట అడిగి ఆ రికార్డును సీడీలో గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ తెచ్చుకోండి. రెండో వైద్యుడికి కావలసింది ఆ తరంగాలే. వేసవిలో వస్తే చెమట వల్ల కూడా గీతలు ఊగిపోతాయి కనుక ఉదయం తొలి సమయం అడగండి.

రాయగడ మాస్టారు:

మాత్రలు కొనసాగించడానికి బావగారు ఒప్పుకున్నారు. సికిల్ సెల్ పరీక్ష వాడికి బడిలోనే చేశారట, లేదని కార్డు ఇచ్చారు. ముందు రోజు సాయంత్రానికే విశాఖలో మా పిన్ని ఇంటికి చేరి, అదుర్లు చూసిన అక్కనే వెంట తీసుకువెళతాము. వాడు ప్రతి పూటా వేసుకునే మాత్ర ఆ ఉదయం కూడా మామూలుగానే వేసుకోవాలా?

జయపురం వైద్యుడు:

వేసుకోవాలి. పరీక్ష రాసిన వైద్యుడు వేరుగా చెబితే తప్ప వేళ తప్పించవద్దు. మందు పేరు, మోతాదు, ఆఖరి మాత్ర వేసుకున్న సమయం చీటీ మీద రాసి టెక్నీషియన్‌కు ఇవ్వండి. రికార్డు చదివేవారు వాటిని లెక్కలోకి తీసుకుంటారు.